గంగ నెమరు కోసం కిషన్‌బాగ్ దాకా

మా బర్రె గంగ నెమరు వేయడం మానేసిన నాలుగో రోజున నేను పాతబస్తీకి బయలుదేరాను. ఈ బ్లాగులో ఇంతకుముందు రాసిన ప్రయాణాలన్నీ జాతరలకో, డ్యాములు చూడడానికో చేసినవి. ఇది అలాంటిది కాదు. అయినా రాస్తున్నాను. నాలాగే ఒకటి రెండు బర్రెలు పెట్టుకొని, పశువుల డాక్టరు చెప్పగా ఇదే పని మీద నగరానికి వెళ్లాల్సినవాళ్లు కొందరైనా ఉంటారు. వెళ్లే ముందు నేనెంత వెతికినా దారి చెప్పే రాత ఒక్కటీ దొరకలేదు.

మాది మొయినాబాద్ దగ్గర ఒక ఊరు. ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాను. బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది, మిగతాది దుకాణానికి వచ్చే పత్రికలు చదువుతూ నేర్చుకున్నదే. ఇంట్లో ఉన్నది ఒక బర్రె, దాని దూడ. మేత వేసేది, పాలు పిండేది నా భార్య యాదమ్మ. ఈ వేసవిలో దాణా ధర బాగా పెరిగింది. ఏ రోజు ఖర్చు ఆ రోజు రాసుకునే అలవాటున్నవాణ్ణి కనుక అది నాకు ఇంకాస్త ఎక్కువ గుచ్చుకుంది. ఊళ్లో ఒక పెళ్లిలో బగార అన్నం గంపలకు గంపలు మిగిలితే, పారబోయనివ్వకుండా మోసుకొచ్చి గంగ ముందు పెట్టాను. యాదమ్మ వద్దంది. నేను వినలేదు. గంగ ఇష్టంగానే తిన్నది. తెల్లవారేసరికి తల పక్కకు తిప్పుకొని, డొక్క ఉబ్బి, పడుకున్న చోటు నుంచి లేవలేదు.

మండల ఆసుపత్రి డాక్టరమ్మ కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చిన మనిషి. బర్రెను గేదె అంటుంది. రెండు రోజులు సెలైన్ పెట్టింది, సోడా నీళ్లు పట్టించింది. మూడో రోజు సాయంత్రం గంగ డొక్క మీద చెవి ఆనించి చాలాసేపు విని, లేచి చేతులు కడుక్కుంది.

"గడ్డి అరిగించుకోవడం గేదెకి చేతకాదండీ," అంది. "దాని కడుపులో కంటికి కనపడని జీవులు కోట్లలో ఉంటాయి. గడ్డి తినేది అవి. అవి వండి పెట్టింది గేదె తింటుంది, అంతే. కొన్ని వేల తరాల నుంచీ కలిసి బతుకుతున్నాయి. పుట్టిన దూడ కడుపులో అవి ఉండవు. తల్లి నాకినప్పుడు, తల్లి తిన్న మేతలో మూతి పెట్టినప్పుడు ఎక్కించుకుంటుంది. వాటికి తెలిసింది గడ్డీ గాదం. మీరు ఒక్క పూటలో అంత అన్నం పోశారు. అది పులిసింది, ఆ పులుపులో అవన్నీ చచ్చిపోయాయి. పులుపు నేను తగ్గించాను. చచ్చినవాటిని బతికించలేను కదా."

"మరెట్ల మేడం?" అని యాదమ్మ అడిగింది. దూడను గుంజకు కట్టేసి, దాని తల నిమురుతూ నిలబడి ఉంది.

"బతికున్నవాటిని ఇంకో గేదె కడుపులోంచి తెచ్చి పొయ్యాలి."

యాదమ్మకు ఇందులో కొత్త ఏమీ లేదు. నెమరేస్తున్న పశువు నోట్లోంచి ముద్ద లాగి, జబ్బు చేసినదాని నోట్లో పెట్టడం మా వైపు పాత పద్ధతే. అప్పటికే పక్కింట్లో అడిగి వచ్చింది. నెమరు ఇస్తే తమ బర్రె పాలు కూడా దాంతోనే పోతాయని వాళ్లు ఒప్పుకోలేదట. ముద్దతో పని కాదని, నాలుగైదు లీటర్ల రసం కావాలని డాక్టరమ్మ చెప్పింది. అది ఎక్కడ దొరుకుతుందో మాత్రం యాదమ్మ ముందు చెప్పలేదు. నన్ను కొట్టం బయటికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. పాతబస్తీలో పశువులను కోసే చోటు ఒకటి ఉంది. అక్కడ పనిచేసే చాంద్ భాయ్‌కి తను ఫోన్ చేస్తుంది. నేను పొద్దున్నే వెళ్లాలి.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి," అంది. "సిటీ డెయిరీల గేదెలు మూసీ గడ్డి, బీరు ఫ్యాక్టరీ పిప్పి తింటాయి. తినే మేతను బట్టి కడుపులో ఉండేవి మారిపోతాయి. మీ గంగలాగా వరిగడ్డి, చొప్ప తిన్న ఊరి గేదెను చూసుకోండి. నెమరేస్తూ ఉండాలి. తెచ్చింది చల్లారకూడదు. రేపు పొద్దున్న ఇది పడకపోతే నేను మళ్లీ రావడం కూడా దండగే."

లోపలికి వెళ్తే యాదమ్మ ఎక్కడికని అడిగింది. పట్నంలో డాక్టరమ్మకు తెలిసిన ఒక ఆసామి దగ్గర మంచి బర్రె ఉందని చెప్పాను.

"ఎవలైతేంది, కాళ్లు మొక్కి తీస్కరా," అంది.

దుకాణానికి చల్లని నీళ్లు తీసుకెళ్లే ఐదు లీటర్ల జగ్గు ఒకటి ఉంది నాకు, మూతి వెడల్పుది. పొద్దున్నే దాన్ని వేడినీళ్లతో నింపి, పాత తువాలుతో చుట్టి, ఐదు దాటాక వచ్చే మొదటి బస్సు ఎక్కాను. మొయినాబాద్ నుంచి మెహదీపట్నం టికెట్టు పన్నెండు రూపాయలు. ఆ వేళకు రోడ్డు ఖాళీ, గంట కూడా పట్టదు. బస్సు నిండా కూరగాయల గంపలే. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయేవాళ్లు కొత్తిమీర కట్టల మీద కాళ్లు పెట్టొద్దని ఒకరినొకరు తిట్టుకుంటూ కూర్చున్నారు. మెహదీపట్నంలో దిగాక బస్సు మారే ఆలోచన పెట్టుకోకండి. ఆటోనే మేలు. వెళ్లిరావడానికి ఎనభై రూపాయలు అడిగాడు ఖాజా అనే డ్రైవరు, అక్కడ ఆగడం కూడా అందులోనే. బార్కస్ వాడట. ముప్పై ఏళ్లు దాటి ఉండవు, నన్ను మాత్రం ఎక్కగానే బాపు అన్నాడు.

"జగ్గు పట్కొని పొద్దుగాల పొద్దుగాల ఎటు బాపు? దావత్ ఉందా?"

"కిషన్‌బాగ్ దాటాక కొంచెం ముందుకు. అక్కడ పెద్ద గేటు ఉంటుందట."

"ఏం గేటు?"

"పెద్దది. ఇనుపది."

అద్దంలో నన్ను, నా జగ్గును కాసేపు చూశాడు. "పేరు చెప్తె నోరు గాల్తదా బాపు? ఆడ పెద్ద గేటు ఒక్కటే ఉంది. చలో."

గుడిమల్కాపూర్ మార్కెట్ దగ్గర బంతిపూల మూటలు రోడ్డు మీదికి దొర్లి, దారి పది నిమిషాలు ఆగింది. అక్కడి నుంచి మూసీ వంతెన దాటి అత్తాపూర్. ఏటి ఒడ్డున మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి గడ్డి కోస్తున్నారు. నల్లటి నీళ్లలో అంత పచ్చటి గడ్డి ఎలా పెరుగుతుందో నాకు అర్థం కాలేదు. కిషన్‌బాగ్ మలుపులో ఆ గడ్డినే కట్టలు కట్టి అమ్ముతున్నారు, కట్ట ఐదు రూపాయలు. ఖాజా ఆటో నిదానం చేశాడు.

"తీస్కో బాపు, సస్తా ఉంది. ఇంట్ల బర్రె లేదా?"

"ఉంది. అది తినడం లేదు. మూడు రోజులైంది."

ఖాజా ఆటో వేగం పెంచాడు. మిగతా దూరం హారన్ మీద చెయ్యి తీయకుండా నడిపాడు.

గేటు దగ్గర దిగుతూనే రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. వెనక నుంచి ఖాజా నవ్వాడు. "రుమాల్ ఎందుకు బాపు, ఇంట్ల పెండ ఎత్తుతలేవా?" నిజానికి లోపల అప్పుడే నేల కడిగారు. వాసన అంతగా లేదు. రుమాలు వాసనకు పెట్టుకోలేదని నాకు తెలుసు. అయినా తీయలేదు. మా ఊరివాడెవరైనా ఆ దారిన పోతూ చూస్తాడేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

చాంద్ భాయ్ రబ్బరు బూట్లతో, చేతిలో చాయ్ గ్లాసుతో ఎదురొచ్చాడు. నా ఈడువాడే. "సలాం అన్నా. డాక్టర్ మేడం ఫోన్ జేసింది. పాపం మస్తు ఫికర్ జేసింది నీ బర్రె గురించి. రా." నా పేరు అడిగాడు. వినపడనట్టు జగ్గు మూత తిప్పుతూ నిలబడ్డాను. రెండోసారి అడగలేదు.

రేకుల పాక కింద ఆరు బర్రెలు కట్టేసి ఉన్నాయి. "దేఖో. గీ నాలుగు ఈడి డెయిరీలయి. గా రెండు నిన్న వికారాబాద్ దిక్కు సంత నుంచి వచ్చినయ్. ఏది గావాలె?"

"మీరే చూడండి భాయ్. మంచిదాన్ని."

"నేను జూస్తే నాకు గోష్ కనవడ్తది అన్నా, ఎన్ని కిలోలు తూగుతదని," అన్నాడు నవ్వుతూ. "నీకు గావాల్సింది కడుపు. నువ్వే జూడు."

చూశాను. బర్రెను చూడడం నాకు తెలిసిన పనే. డెయిరీ బర్రెలు బలంగా, నున్నగా ఉన్నాయి గానీ అవి కావు. సంత నుంచి వచ్చిన రెంటిలో ఒకటి నీరసంగా తల వేలాడేసింది. రెండోది గోడ వైపు నిలబడి నెమరు వేస్తోంది. చుట్టు తిరిగిన కొమ్ములు. వాటికి ఎప్పుడో పండగకు వేసిన నీలం రంగు ఇంకా పూర్తిగా పోలేదు. పేడలో వరిగడ్డి ముక్కలు కనిపిస్తున్నాయి. డాక్టరమ్మ చెప్పిన గుర్తులన్నీ ఉన్నాయి. నాలుగైదు ఈతలైనా ఈని ఉంటుందని పొదుగు చూస్తే తెలుస్తోంది.

"దీన్ని ఎందుకు అమ్మారు?" అని అడిగాను.

"పాలు బందైనయ్. మల్ల సూడి కట్టలేదట. ఇంకేం జేస్తరు?"

నేనైనా అదే చేసేవాణ్ణి. మా కొట్టం నుంచి అలా రెండు పోయాయి. బేరగాడు తోలుకుపోతుంటే ఎక్కడికని నేను అడగలేదు. గడ్డి బాగా ఉన్న ఊరికి పోయాయని యాదమ్మకు చెప్పాను.

గడ్డం ఎత్తి చూపించాను.

"గట్ల జూపిస్తె ఎట్ల సమజైతది అన్నా? గా దిక్కు రెండు ఉన్నయ్. చెయ్యి వెట్టి చెప్పు."

దగ్గరికి వెళ్లి దాని వీపు మీద చెయ్యి పెట్టాను. అది తల తిప్పింది. నా చొక్కా చేతికి తవుడు వాసన అంటుకొని ఉంటుంది. మణికట్టు మీద చెమటను గరుకు నాలుకతో రెండుసార్లు నాకి, మళ్లీ నెమరులో పడిపోయింది. ఆ దవడ పక్కకు కదలడం చూడాలని మూడు రోజులుగా యాదమ్మ, నేను కొట్టంలో కాచుకొని కూర్చున్నాం.

చాంద్ భాయ్ చేతిలో చాయ్ ఇంకా సగం ఉంది. "జల్దీ ఉందా అన్నా? లేకుంటే చాయ్ తాగి జేస్త. నువ్వు గూడ తాగు."

"జల్దీ ఉంది," అన్నాను. గ్లాసు గోడ మీద పెట్టేశాడు.

నేను బయటికి వచ్చి ఆటోలో కూర్చున్నాను. రుమాలు ఎప్పుడు జేబులో పెట్టుకున్నానో గుర్తు లేదు. ఖాజా రేడియో పెట్టబోయి నా మొహం చూసి మానుకున్నాడు. కాసేపటికి చాంద్ భాయ్ జగ్గు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. వేడినీళ్లు పారబోసి, రసం గుడ్డతో వడకట్టి అంచు దాకా నింపాడు. తువాలు మీద నుంచి కూడా వేడి తెలుస్తోంది. పనికి యాభై అడిగాడు, ఇచ్చాను.

"బర్రె పేరేంది?"

"గంగ."

"బతుకుతది తియ్. కడుపు మంచిగుండె," అన్నాడు. అతను మెచ్చుకున్నది ఏ కడుపునో అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

మెహదీపట్నంలో చేవెళ్ల బస్సు సిద్ధంగా ఉంది. ఏడున్నరకే ఎండ మండుతోంది. జగ్గును ఒళ్లో పెట్టుకొని కిటికీ పక్కన కూర్చున్నాను. లంగర్‌హౌజ్‌లో గంపతో ఎక్కిన ఒక ముసలమ్మ నా పక్కన కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, జగ్గు వైపు చూసింది.

"జర నీళ్లు పొయ్యి బిడ్డా. నాలుక పిడచకట్టింది."

"నీళ్లు లేవమ్మా."

"నిండ ఉన్నది గదా. కదుల్తుంటే సప్పుడు ఇనవడ్తుంది."

"నీళ్లు కావు."

"నీళ్ల జగ్గుల నీళ్లు గాకుంటె ఏముంటయ్?" ముందు సీటులోవాళ్లకు వినపడేలా అంది. "గుక్కెడు నీళ్లకు గింత లొల్లి. ఏంది, నేను తాగితె నీ జగ్గు మైలవడ్తదా?"

బస్సంతా నా వైపు తిరిగింది. కండక్టరు కూడా, "పొయ్యన్నా, ముసల్ది అడుగుతుంది," అన్నాడు. ఆమె ఏం అనుకుంటోందో నాకు తెలుసు. కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే అది ఎక్కడిదని అడుగుతారు. నేను జగ్గును ఇంకా గట్టిగా పొట్టకు అదుముకున్నాను. తర్వాతి స్టాపులో కిటికీలోంచి రూపాయి పెట్టి నీళ్ల ప్యాకెట్టు కొని అందించాను. ఆమె అందుకోలేదు.

"నీ జగ్గుల ఉన్నది నువ్వే తాగు," అని లేచి, గంప లాక్కొని వెనక సీటుకు పోయింది. మా ఊరు వచ్చేదాకా నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ ప్యాకెట్టు నా చేతిలోనే వేడెక్కిపోయింది.

తొమ్మిదికి ఇల్లు చేరాను. డాక్టరమ్మ కొట్టంలో రబ్బరు గొట్టంతో తయారుగా ఉంది. యాదమ్మ గంగ తలను తన భుజానికి ఆనించుకొని పట్టుకుంది. నేను జగ్గు వంచాను. ఆకుపచ్చని చిక్కటి రసం గరాటులోంచి గొట్టంలోకి దిగింది. పులిసిన గడ్డి వాసన. "ఇంకా వెచ్చగా ఉంది, మంచిది," అంది డాక్టరమ్మ. నా వైపు ఒకసారి చూసి గరాటు ఇంకాస్త పైకి ఎత్తింది.

ఆ రోజు ఏమీ జరగలేదు. మర్నాడు మధ్యాహ్నం దుకాణంలో ఉండగా యాదమ్మ ఫోన్ చేసింది. మాట్లాడలేదు. ఫోన్‌ను గంగ నోటి దగ్గర పెట్టినట్టుంది. దవడ కదిలే చప్పుడు, మధ్యలో బరువైన ఊపిరి వినిపించాయి. నేను కలం పక్కన పెట్టి ఆ చప్పుడు విన్నాను. మొదట నాకు గుర్తొచ్చింది గంగ కాదు, గోడ పక్కన నీలం కొమ్ములది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి యాదమ్మ తవుడులో బెల్లం కలిపి ఒక గుడ్డలో మూట కడుతోంది. గంగకనుకున్నాను.

"దీనికి గాదు, గా పట్నం బర్రెకు," అంది. "మన పక్కింటోళ్లు ఒక్క ముద్దకే కాదన్నరు. గాళ్లు ఎవలో ఏమో, జగ్గు నిండ ఇచ్చిండ్రు. గా బర్రె సల్లగుండాలె. మల్ల పోయినప్పుడు నీ చేత్తోని తినిపియ్యి. దాని పేరేందో అడిగినవా?"

"అడగలేదు," అన్నాను. ఆ రోజంతా నేను ఆమెతో చెప్పిన నిజం అదొక్కటే.

ఆ మూట కొట్టం వాసానికి వేలాడుతోంది. చీమలు పట్టాయి. ఎప్పుడు పోతున్నావని యాదమ్మ ఇప్పటికి మూడుసార్లు అడిగింది. గంగ లేచి తిరుగుతోంది, పాలు సగానికి సగం తిరిగి వచ్చాయి. పొద్దున దూడను నాకుతుంటే నిలబడి చూస్తాను. డాక్టరమ్మ చెప్పింది నిజమైతే, నీలం కొమ్ముల బర్రె కడుపులో బతికినవే ఇప్పుడు గంగలో బతుకుతున్నాయి. ఆ నాలుక మీదుగా దూడలోకి, రేపు దాని దూడలోకి పోతాయి. ఏ ఇంటివాళ్లో పాలు లేవని తోలేసిన బర్రె ఆ విధంగా మా కొట్టంలోనే ఉంది. దాని గురించి మా ఇంట్లో మంచి మాట అన్నది, అదేమైందో తెలియని మనిషి ఒక్కతే. ఇది టైపు చేయడం అయ్యాక ఇంటికి వెళ్లి చెప్పాలి. చాలా రోజులుగా అదే అనుకుంటున్నాను.

ఇదే పని మీద వెళ్లేవాళ్లకు ఒక మాట. జగ్గు, తువాలు, వేడినీళ్లు డాక్టర్లే చెబుతారు. వాళ్లు చెప్పనిది ఒకటుంది. కిషన్‌బాగ్ మలుపులో ఆటో ఆపించి ఒక కట్ట పచ్చిగడ్డి కొనండి. మీరు చెయ్యి పెట్టి చూపించినదాని ముందు వేసి, అది తినేదాకా అక్కడే నిలబడండి. చాంద్ భాయ్ ఆగుతాడు. అతని చేతిలో చాయ్ ఇంకా సగం ఉంటుంది.